ఒలిచి పెట్టిన గింజలు

టోకెన్ తీసుకుంటారా అక్కా మీరు? నా దగ్గర పన్ను చూపించుకోవడానికి టోకెన్ తీసుకుని, ఏడో నంబరు చేత్తో పట్టుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్య బెంచీ మీద గంటన్నర కూర్చుంటారా? నర్సు వచ్చి "మేడమ్, ఒకావిడ దవడ పట్టుకుని కూర్చుంది, ముందు లోపలికి రమ్మంటే నా వంతు వచ్చాకే వస్తానంటోంది" అంది. ఎవరబ్బా ఇంత పద్ధతి గల మనిషి అని తలుపు సందులోంచి చూద్దును కదా, సాక్షాత్తూ మా తోడికోడలు.

నోరు ఇంకాస్త తెరవండి. ఆఁ, చాలు.

పైగా ఆ ఫారం ఒకటి. పేరు రాశారు, వయసు రాశారు, మందులేం వాడుతున్నారో వరసగా రాశారు. "ఎవరు పంపగా వచ్చారు" అన్నచోట "పంటినొప్పి" అని రాశారు. అంటే నా దగ్గరికి మీరు రాలేదు, మీ పన్ను మిమ్మల్ని లాక్కొచ్చింది. అంతేగా? మనం ఒక ఇంటి కోడళ్ళమై ఇరవై రెండేళ్ళయింది. మీ ఆయనా మా ఆయనా ఒక తల్లి బిడ్డలు. మీ పెరటికీ నా పెరటికీ ఒకటే గోడ. అయినా మిమ్మల్ని పంపింది పంటినొప్పి.

అబ్బే, మాట్లాడకండి. సూది ఇచ్చాను, దవడ మొద్దుబారింది, లోపల దూది పెట్టాను. మాట్లాడితే దూది జారుతుంది, ఉమ్మి పంటిలోకి వెళుతుంది, నా పనంతా నీళ్ళపాలు. నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తండి. నొప్పికి మాత్రమే. వాదనకి కాదు.

ఎత్తారు. నొప్పా? కాదు కదా. నాకు తెలుసు. దించండి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఇరవై రెండేళ్ళలో మీ నోరు తెరిచి ఉండి, మాట్లాడేది నేనొక్కదాన్నే కావడం ఇదే మొదటిసారి. ఊరికే పోనిస్తానా చెప్పండి? నర్సు భోజనానికి వెళ్ళింది. మీరే ఆఖరి టోకెను. తలుపు వేసి ఉంది. మూడు నెలల పదకొండు రోజులయింది మీరు నాతో మాట మాట్లాడి. ఇవాళ మీరు ఈ కుర్చీ దిగేలోపు నేను చెప్పాల్సింది చెప్పకపోతే, మళ్ళీ మీకు ఇంకో పన్ను ఎప్పుడు విరగాలి, నేనెప్పుడు చెప్పాలి? అందుకని వినండి. వినక చేసేదేముంది.

ఈ గొట్టం ఉమ్మి లాగేస్తుంది, చప్పుడుకి భయపడకండి.

అసలు తప్పు ఎక్కడ మొదలయిందో ముందు తేల్చుకుందాం. మీరు రిటైరవకముందు మన పొద్దు ఎలా ఉండేది? ఆరున్నరకి మీరు మీ కాఫీ గ్లాసుతో గోడకి అటు, నేను నా కప్పుతో ఇటు. అరగంట. మీరు చెప్పేవారు, నేను వినేదాన్ని. స్కూల్లో ఎవరు దొంగ లెక్క చేశారో, బావగారి గురక ఏ అర్ధరాత్రి ఏ రాగంలో సాగిందో, అత్తగారు బతికున్నప్పుడు మిమ్మల్ని అన్న మాటకి మీరు ఇప్పుడు తట్టిన జవాబేమిటో. ఒకటా రెండా. పదహారేళ్ళు అక్కా, గోడ కట్టినప్పట్నుంచీ. వానొస్తే గొడుగేసుకుని మరీ నిలబడ్డాం. మీ మరిది అనేవారు, "మీ ఇద్దరికీ ఒక తలుపు పెట్టించనా" అని. తలుపుంటే లోపలికి రావాలి, కూర్చోవాలి, మర్యాదలు చెయ్యాలి. గోడైతే ఆ బాధ లేదు, అన్నది కూడా మీరే.

తర్వాత మీరు రిటైరయ్యారు. నేనేమనుకున్నాను? ఇంక అరగంట గంటవుతుంది కదా అనుకున్నాను. నా మొహం.

మీ స్కూలు వాళ్ళు శాలువా కప్పి ఊరుకోకూడదా? ఒక మట్టి పళ్లెం ఇచ్చారు, మూడు తాళ్ళు కట్టి వేలాడదీసేది, పిట్టలకి గింజలు పెట్టుకోమని. మీరు దాన్ని తెచ్చి సరిగ్గా మన గోడ పక్కన కొమ్మకి కట్టారు. మొదటి వారం నూకలు పోశారు, పిచ్చుకలొచ్చాయి. బాగుంది అనుకున్నాను. రెండో వారం పొద్దుతిరుగుడు గింజలు పోశారు. మూడో రోజు అది వచ్చింది. నా సవతి.

నవ్వకండి, దూది కదులుతోంది.

మరేమనాలి దాన్ని? గుప్పెడు లేదు. తల మీద నల్ల టోపీ, తెల్ల బుగ్గలు. నల్లటోపీ పిట్ట అని మీరే పేరు పెట్టారు. ఆ రోజు నేను గోడ దగ్గరికొచ్చి "అక్కా, నిన్న ఏమైందో తెలుసా" అన్నానో లేదో, మీరు పెదాల మీద వేలు పెట్టి "ష్" అన్నారు. నన్ను. నలభై ఆరేళ్ళ మనిషిని, నలుగురి పళ్ళు పీకి బతుకుతున్నదాన్ని, వెనక బెంచీ పిల్లని అన్నట్టు "ష్" అన్నారు. మాట్లాడితే పిట్ట ఎగిరిపోతుందట.

సరే, ఆ రోజుకి ఊరుకున్నాను. మర్నాడూ "ష్". ఆ మర్నాడూ "ష్". ఇంక ఆ నెలంతా మీరు దాన్ని చూడటం, నేను మిమ్మల్ని చూడటం, కాఫీ చల్లారడం. చెప్పొద్దూ, ఆ బుల్లిపిట్ట మీద నాకు పుట్టినంత కుళ్ళు ఇంకే ఆడదాని మీదా పుట్టలేదు.

కాస్త తల ఇటు తిప్పండి. ఇది నీటి జల్లు. అంతే.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ఆలోచన అంటే మీరు నవ్వుతారు గానీ, వినండి. పిట్ట మీ వైపుకొస్తే మీరు పిట్టని చూస్తున్నారు. పిట్ట నా వైపుకొస్తే? మీరు నా వైపుకి చూస్తారు కదా. గోడ మీదకి వంగి "ఏయ్, ఏం పోశావు, ఎలా వచ్చింది" అని అడుగుతారు కదా. అడిగితే నేను చెబుతాను, నేను చెబితే మీరు తప్పు పడతారు, మీరు తప్పు పడితే అరగంట గడిచిపోతుంది. ఇదీ లెక్క. లెక్కల టీచరు పక్కింట్లో ఉంటే ఆమాత్రం రాదా నాకు?

అందుకని వెళ్ళాను గింజల కొట్టుకి. ఆయనేమో "ఏ పిట్టకమ్మా?" అన్నాడు. చెప్పులు కొనడానికి వెళితే ఏ కాలికి అన్నట్టుంది నాకు. పిట్టకి పిట్ట గింజలివ్వవయ్యా అన్నాను. ఆయన నా మొహం చూసి, రంగు కాగితం అంటించిన మిక్చరు సంచి ఒకటి చేతిలో పెట్టాడు. అన్నీ ఉన్నాయట అందులో. ఉన్నాయి, నిజమే. సగం ఎర్రటి గుండ్రటి గింజలు, ఏ జాతివో ఆ కొట్టాయనకే తెలియదు. సంచి నిండాలి కదా పాపం.

పిచ్చుక వచ్చింది, ముక్కు పెట్టింది, ఎర్ర గింజ తీసి పక్కకి విసిరింది. ఇంకోటి తీసింది, విసిరింది. కావలసిన కొర్ర గింజ దొరికేదాకా పది గింజలు నేల మీదకి చిమ్మింది. నా క్లినిక్‌లో మందు చేదన్న వాళ్ళు కూడా అంత నిర్దాక్షిణ్యంగా ఉమ్మరు. వారం తిరిగేసరికి కింద మొలకలొచ్చాయి. గోడ దాటి పడ్డ గింజలు మీ గులాబీల పాదులోనూ మొలిచాయి. మీరు పీకి, కట్ట కట్టి, గోడ మీద పెట్టారు. మాట అనలేదు. కట్ట మాత్రం చక్కగా దారంతో కట్టారు.

అక్కడ ఆగాల్సింది. ఆగితే నేను నేనెందుకవుతాను?

ఈ కాగితం ఒకసారి కొరికి, మళ్ళీ నోరు తెరవండి.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. ఇది మీ మరిదికి కూడా తెలియదు. ఒక రోజు ఎవరో పెద్దాయనకి కట్టుడు పళ్ళు అమరుస్తూ ఉన్నాను. "మెత్తనివి తినండి, గట్టివి కొరకొద్దు" అని చెబుతూ ఉంటే తట్టింది. పిట్టకి పళ్ళు లేవు కదా. ఒక్క పన్నూ లేని ప్రాణికి నేను పొట్టున్న గింజలు పోస్తున్నానే, పళ్ళ డాక్టర్ని అయ్యుండి. సిగ్గేసింది నాకు.

కళ్ళు అంత పెద్దవి చేయకండి. ఈ నీలం లైటు కళ్ళలో పడుతుంది.

ముందు నానబెట్టి పోశాను. రెండో రోజుకి పులిసిపోయి కంపు. తర్వాత గింజలు ఒలవడం మొదలుపెట్టాను. పొద్దుతిరుగుడు గింజలు, ఒక్కొక్కటీ. దేనితో? ఇదిగో, ఈ పటకారుతో. ఇదే కాదు లెండి, దీని తోబుట్టువు, దాన్ని మళ్ళీ ఎవరి నోట్లోనూ పెట్టలేదు, ఒట్టు. ఒక పేషెంటు వెళ్ళి ఇంకో పేషెంటు వచ్చేలోపు పది గింజలు. పన్ను పట్టుకున్నట్టే పట్టుకుని, అటు ఒక నొక్కు, ఇటు ఒక నొక్కు, పప్పు విరగకుండా. నా చదువంతా ఆ గింజల మీద చూపించాను. నర్సు చూసి "మేడమ్, ఇంట్లో అంతా బాగే కదా" అంది.

ఆ పప్పులు తీసుకెళ్ళి, పనిముట్లు పెట్టుకునే వెడల్పాటి స్టీలు ట్రేలో పరిచి పెట్టాను. పిట్టలకి అత్తారింటి మర్యాద. రాకేం చేస్తాయి? వచ్చాయి. పిలిచినవీ వచ్చాయి, పిలవనివీ వచ్చాయి. ఒలిచిన పప్పు వెడల్పు పళ్లెంలో ఉంటే ఎవరొస్తారో గింజల కొట్టాయన్ని అడిగితే చెప్పేవాడు. నేనడగలేదు. పావురాలొచ్చాయక్కా. ముందు రెండు, మధ్యాహ్నానికి పన్నెండు, వారానికి నలభై. మీ పళ్లెం చుట్టూ తిరిగే పిచ్చుకల్ని తోసేశాయి. నా ట్రేలో చోటు చాలనివి వరసగా వెళ్ళి ఎక్కడ కూర్చున్నాయి? మీ బట్టల తీగ మీద.

ఆ తీగ మీద ఆ రోజు ఏముందో నేను మళ్ళీ చెప్పాలా? రెండు తెల్ల దుప్పట్లు. బావగారు మర్నాడు ఆఫీసులో పెద్ద మీటింగుకి వేసుకోవాల్సిన తెల్ల చొక్కా. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందట. నల్లటోపీ పిట్ట మీ వైపుకీ రాలేదు, నా వైపుకీ రాలేదు. ఆ గోలకి అది ఎటో వెళ్ళిపోయింది.

ఆ రోజు మీరు చొక్కా చేత్తో పట్టుకుని గోడ దగ్గరికొచ్చారు. నెలన్నర తర్వాత మీరు నోరు తెరిచి నాతో అన్న మొదటి మాట, "నీకు పిట్టలంటే ఇష్టం కాదు. నా దగ్గర ఏదుంటే అది నీకు కావాలి" అని.

అది నిజం కాదు. పూర్తిగా కాదని కూడా అనలేను, మధ్యస్థం. సరే, అది వేరే సంగతి.

దానికి నేనేమన్నాను?

చెయ్యి ఎత్తక్కర్లేదు, నేనే చెబుతాను. మీరు మర్చిపోయుండరు, నేనూ మర్చిపోలేదు. "స్కూలు పోయింది, పిల్లలు పోయారు, ఇక మీ మాట వినేవాళ్ళు పిట్టలు తప్ప ఎవరు మిగిలారని మీ ఏడుపు" అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. అందరికీ తెలిసిన ముక్కే. తెలిసీ అన్నాను. మీరు జవాబు చెప్పలేదు. మీరు జవాబు చెప్పకపోవడం నేనెప్పుడన్నా చూశానా? అత్తగారికి పదేళ్ళ తర్వాత కూడా జవాబు వెతుక్కున్న మనిషి మీరు. ఆ చొక్కా మడత పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు చూస్తే మట్టి పళ్లెం లేదు, కొమ్మకి మూడు తాళ్ళు వేలాడుతున్నాయి. ఆ సాయంత్రానికి అవీ విప్పేశారు.

అప్పట్నుంచీ మీరు పెరట్లోకి రావడం మానేశారు. బట్టలు మేడ మీద ఆరేసుకుంటున్నారు, మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని, రోజూ ఇరవై మెట్లు. నా పుట్టినరోజుకి చీర మీ మరిది చేత పంపారు. రంగు నాకు నప్పేదే ఎంచారు, అదే ఇంకా కాల్చుకు తింది నన్ను. కోపం ఉన్న మనిషి నప్పని రంగు పంపాలి కదా.

ఒక్క నిమిషం. ఈ దూది తడిసింది, మారుస్తాను. లేదు, మూయకండి. మధ్యలో మాట్లాడే ప్రయత్నం చేయకండి. అక్కా. నేను చూశాను, నాలుక కదిలింది.

ఆఁ. సరే.

ఆ తర్వాత బుద్ధొచ్చింది. ఎప్పుడూ అంతే, అంతా అయ్యాకే వస్తుంది. ట్రే తీసేశాను. మళ్ళీ గింజల కొట్టుకి వెళ్ళి, ఈసారి స్టూలు మీద కూర్చుని, "ఏ పిట్టకి అని అడగండి" అన్నాను. ఆయన సంతోషపడ్డాడు. గంటసేపు చెప్పాడు. బొద్దు ముక్కు పిట్టకి పెద్ద గింజ, సన్న ముక్కుకి సన్న గింజ. పిచ్చుకకి కొర్రలు, సజ్జలు, అవి కింద పళ్లెంలో. ఈ నల్లటోపీ వాళ్ళకి నల్ల పొద్దుతిరుగుడు గింజలు, చారలవి కాదు, నల్లవి, పొట్టు పలచన. పొట్టుతోనే పోయాలి. చిన్న చిన్న చిల్లులున్న గొట్టంలో పోసి వేలాడదీస్తే పావురానికి నిలబడే చోటుండదు, చూసి చూసి విసిగి వెళ్ళిపోతుంది. అన్నీ కలిపిన సంచి ఎవరికీ పనికిరాదమ్మా, అది కొనేవాళ్ళ కోసం చేసింది గానీ తినేవాళ్ళ కోసం కాదు, అన్నాడు. మరి నాకెందుకు అమ్మావయ్యా అంటే, మీరు తొందరలో ఉన్నారు అన్నాడు.

పద్దెనిమిది రోజుల క్రితం వచ్చింది అది.

అవును, అదే. మీ నల్లటోపీది. చెవి దగ్గర తెల్ల మచ్చ కాస్త వంకర, అదే. గొట్టం మీద వాలింది, ఒక్క గింజ తీసుకుంది. అక్కడ తినదు అక్కా, మీకు తెలుసుగా. కొమ్మ మీదకి ఎగిరి, గింజని కాలి కింద తొక్కిపట్టి, టక్ టక్ టక్ అని ముక్కుతో కొట్టి, పొట్టు విసిరేసి, పప్పు తిని, మళ్ళీ వచ్చింది. దాని పని అది చేసుకోవాలంతే. నేను ఒలిచి పెట్టిందంతా దానికి అక్కరకొచ్చిందే కాదు. పటకారు పట్టుకుని వేళ్ళు వాచిపోయేలా ఒలిచాను నేను.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? కప్పు గోడ మీద పెట్టి, మీ వైపుకి తిరిగి "అక్కా, వచ్చింది" అన్నాను. పైకే అన్నాను. మీ పెరట్లో ఎవరూ లేరు. పిట్ట కూడా ఎగరలేదు. ఇన్నాళ్ళూ మాట్లాడితే ఎగిరిపోతుందన్నారే, నేను ఎదురుగా నిలబడి మాట్లాడితే అది ఇంకో గింజ తీసుకుంది. మీతో చెప్పాలి ఆ సంగతి. ఎవరితో చెప్పను? మీ మరిదితో చెబితే "ఏ పిట్ట?" అన్నారు.

ఇక ఇవాళ్టి సంగతికి వద్దాం. మీ పన్ను. కింది దవడ, కుడివైపు, చివరి నుంచి రెండోది. మూల విరిగింది. ఏం కొరికారు అని నర్సు అడిగితే "ఏదో రాయి వచ్చింది" అన్నారట. రాయి. నేను లోపలికి అద్దం పెట్టి చూశాను. విరిగిన సందులో నల్లగా ఒక ముక్క ఇరుక్కుని ఉంది. పుచ్చేమో అనుకుని పటకారుతో లాగాను. ఇదిగో, ఈ గాజు పలక మీద పెట్టాను చూడండి. కళ్ళజోడు ఇవ్వనా? కనబడుతోందా?

పొట్టు. నల్ల పొద్దుతిరుగుడు గింజ పొట్టు.

చూడండి, చెవులు ఎర్రబడ్డాయి. నాకిప్పుడు మీ జవాబు అక్కర్లేదు. ముందు గది కిటికీకి కట్టారా పళ్లెం? వీధి వైపుకి, నాకు కనబడకుండా? ఔనంటే ఒక వేలు, కాదంటే రెండు వేళ్ళు చూపించండి. ఒకటి. పిట్టలొచ్చాయా? రెండు. రాలేదు. ఎందుకు రాలేదో ఆలోచించి, ఎక్కడో ఉంది కదా లోపం, గోడ మీంచి చూసిన నా ట్రేలో ఒలిచిన పప్పుకి నలభై వచ్చాయి కదా అని, మీరూ ఒలిచారు. నాకైతే పటకారుంది. మీకేముంది? పళ్ళు. యాభై తొమ్మిదేళ్ళ పళ్ళతో, రోజుకెన్ని? వంద? రెండు వందలా? కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కొక్కటీ కొరికి, పప్పు విరగకుండా.

ఒక వేలు. రెండు వందలు. అక్కా, ఎంత పిచ్చివాళ్ళం మనం.

నేను నవ్వడం లేదు. నవ్వుతున్నాను, కానీ మీ మీద కాదు. ఇంత తెలివైన ఇల్లు, ఒకరు లెక్కలు నేర్పారు, ఒకరు డాక్టరు చదివారు, ఇద్దరూ చెరోవైపు కూర్చుని పిట్టల కోసం గింజలు ఒలిచారు. అత్తగారు పైనుంచి చూస్తే, ఇద్దరు కోడళ్ళలో ఎవరు ఎక్కువ తెలివితక్కువో తేల్చుకోలేక అక్కడే ఇంకోసారి పోయేవారు.

ఏడుస్తున్నారా? మత్తు దిగిపోతోందా? కాదా. సరే, లైటే అయ్యుంటుంది. పక్కకి తిప్పాను, చూడండి. తుడుచుకోవడానికి ఇదిగో.

ఇంక చెప్పేస్తాను. ఆ రోజు నేనన్న మాట తప్పు. వేడి మీద అన్నాను అని కూడా అనను. మిమ్మల్ని ఎక్కడ కొడితే తగులుతుందో నాకు తెలుసు, అక్కడే కొట్టాను. పదహారేళ్ళు గోడ దగ్గర నిలబడి మీ మాట విన్నదాన్ని, మీరు దేనికి భయపడతారో నాకు కాక ఎవరికి తెలుసు? రిటైరైన రోజు సాయంత్రం మీరే చెప్పారు, "రేపట్నుంచి నేను మాట్లాడితే ఎవరు వింటారే" అని. నవ్వుతూ చెప్పారు. అదే మాట తీసి, నెలలు దాచి, మీ మీదకి విసిరాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. తొక్కాను. కడుక్కోవడానికి మూడు నెలల పదకొండు రోజులు నీళ్ళు దొరకలేదు.

మీ మాట వినేవాళ్ళు లేరన్నాను చూడండి. ఉన్నారు. నేనున్నాను. అసలు గొడవంతా అదే కదా. నాకు పిట్టలక్కర్లేదు. వాటి ముక్కులూ అక్కర్లేదు, టోపీలూ అక్కర్లేదు. పొద్దున్న ఆరున్నరకి ఎవరో ఒకరు గోడకి అటు నిలబడి, నేను చేసింది తప్పని అరగంట చెప్పాలి. లేకపోతే రోజంతా నోళ్ళలోకి చూస్తున్నా ఎవరి మాటా వినబడనట్టే ఉంటుంది నాకు.

తప్పయింది అక్కా. నన్ను క్షమించండి. అంతే.

చెయ్యి ఎందుకు ఎత్తారు మళ్ళీ? ఇప్పుడా నొప్పి? వాదనా? ఏమిటి, గడియారం చూపిస్తున్నారు? ఎంతసేపు అంటారా?

అదీ... ఇంకొకటి కూడా చెప్పాలి.

కోప్పడకండి. కోప్పడతారు, తెలుసు, అయినా చెప్పాలి. పన్ను ఎప్పుడో అయిపోయింది. నింపడం, గట్టిపరచడం, అరగదీసి నున్నగా చెయ్యడం, అన్నీ. కాగితం పెట్టి కొరికించి చూశాను, గుర్తుందా, అప్పటికే అయిపోయింది. నేను మొలకల సంగతి చెబుతున్నప్పుడు. తర్వాత ఆ నీలం లైటు ఇంకో రెండుసార్లు పెట్టాను కదా, దానికి పనేం లేదు. దూది మార్చాను కదా, తడవలేదు. పాతిక నిమిషాల నుంచీ మీ నోట్లో నా చేతికి ఏ పనీ లేదు.

డాక్టర్ల కౌన్సిలు వాళ్ళకి తెలిస్తే నా బోర్డు పీకేస్తారు. పీకనివ్వండి. ఏం చెయ్యను మరి? దూది తీసిన మరుక్షణం మీరు లేచి, "థాంక్సండీ డాక్టరు గారూ" అని, వెళ్ళిపోతారు. ఆ మాట మీ నోట వినలేక పెట్టి ఉంచాను.

తీస్తున్నాను. ఒకటి, ఇదిగో రెండోది. గొట్టం కూడా తీసేశాను. కుర్చీ లేపుతున్నాను, మెల్లిగా, కళ్ళు తిరుగుతాయి. నాలుక ఇంకో గంట దాకా సరిగ్గా తిరగదు, తిట్లు ముద్దముద్దగా వస్తాయి, ముందే చెబుతున్నాను. అయినా నాకర్థమవుతాయి.

నీళ్ళు పుక్కిలించండి. ఉమ్మడానికి తొట్టి అటు ఉంది, నా మొహం ఇటు ఉంది. మీ ఇష్టం అక్కా, నేను మాత్రం కదలను.